ఎడం చెయ్యి

"సందు దాటిపోయిందండీ! ఇది మూడోసారి!" సైకిల్ వెనక కూర్చున్న కోటిరత్నం మొగుడి చొక్కా పట్టుకు లాగింది.

వెంకటస్వామి కుడిచెయ్యి చాపి, బాపట్ల బజారు చుట్టూ మళ్లీ సైకిల్ తిప్పాడు.

"ఎడమకి తిరగాలంటే ఎడం చెయ్యి చూపాలి. వెనక స్కూటర్ మీదొచ్చేది ఎవరు? వియ్యంకుడు! ఆయనకి ఎడం చెయ్యి చూపమంటావా?"

"చూపకుండానే తిరగండి."

"వెనకొచ్చే ఏ లారీయో మీదెక్కుతుంది. కాసేపాగు, ఆయనే మనల్ని దాటి ముందుకెళ్తాడు."

వియ్యంకుడు మల్లికార్జునరావు ఎంతకీ దాటడు. పక్కూరి నుంచి సైకిల్ మీదొస్తున్న వాళ్లకి బస్టాండు దాకా ఎదురొచ్చి, బారసాలకి వెంటబెట్టుకు తీసుకెళ్తున్న చుట్టాల్ని దాటిపోవడం ఆయన దృష్టిలో అమర్యాద. అందుకే బజారు చుట్టూ ఆయనా తిరుగుతున్నాడు.

"అవతల ముహూర్తం దాటిపోతోందండీ. మనవడి మొహం నేనింకా చూడనేలేదు."

"మర్యాద పోతే మళ్లీ రాదే."

నాలుగోసారి సందు వచ్చింది. కోటిరత్నం మిఠాయి డబ్బా ఒళ్లో అదిమిపట్టి, ఎడం చెయ్యి బారుగా చాపింది. వెనకొస్తున్న లారీ ఒకటి నెమ్మదించింది. వెంకటస్వామి సిగ్గుతో తల వంచుకుని సందులోకి తిరిగాడు.

గుమ్మం ముందు దిగీ దిగగానే చేతులు జోడించాడు. "ఏమనుకోకండి బావగారూ, మా ఆవిడ మీకు ఎడం చెయ్యి..."

"అది చూశాకే నాకు ప్రాణం లేచొచ్చింది బావగారూ!" మల్లికార్జునరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మూడుసార్లు మా సందు దాకా వచ్చి తప్పించుకుపోతుంటే, మా గడప తొక్కడం మీకిష్టం లేదేమో అనుకున్నానండి."



మిఠాయి డబ్బా మాత్రం కోటిరత్నం కుడిచేత్తోనే అందించింది.