కొండమీది పెద్దలు

ఒక అడవిలో జంతువులన్నీ కలిసి, తమ బాగోగులు చూడమని మూడు నెమళ్లను ఎన్నుకుని కొండమీది ఊట దగ్గర కూర్చోబెట్టాయి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కింద మడుగు అడుగంటింది. బురదలో చేపపిల్లలు నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటుంటే చూడలేక, గవరమ్మ అనే ముసలి తాబేలు కొండెక్కింది. పైకి చేరడానికి నాలుగు రోజులు పట్టింది.

"అయ్యా, మాకు నీళ్లు లేవు. ఊటకు అడ్డంగా ఉన్న ఆ బండ తీయిస్తే మడుగులోకి నీరు దిగుతుంది," అని మొరపెట్టుకుంది.

పెద్ద నెమలి ఊటలో కాళ్లు కడుక్కుంటూ, "నీళ్లు లేకపోవడమేంటి అవ్వా? ఇక్కడ నిండుగా ఉన్నాయిగా! నిన్ననే మీకోసం చట్టం కూడా చేశాం. ఇకమీదట అందరూ రోజుకు రెండుసార్లు స్నానం చెయ్యాలి," అంది.

గవరమ్మకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

"ఒక్కసారి కిందికొచ్చి చూడండి నాయనా."

"ఆ బురదలోకా? మా తోకలేం కాను!"

ఆమె కొండ దిగి వచ్చింది. అప్పటికి చేపపిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు.

"ఏమన్నారు అవ్వా?" అని అడవిపందులు చుట్టూ చేరాయి.

"వాళ్లు దాహం మరిచిపోయారు. ఇక అడగొద్దు. మీరే వెళ్లి బండ తొయ్యండి."

పందులు వెళ్లాయి. "ఎవరిని అడిగి తోస్తున్నారు?" అన్న నెమళ్ల అరుపులు కిందిదాకా వినిపించాయి. కాసేపటికి నీళ్లు గలగలమంటూ మడుగులోకి దిగాయి. అందరూ ఎగబడి తాగారు. గవరమ్మ మాత్రం గట్టుమీద కూర్చుని, ఖాళీగా కదులుతున్న ఆ నీళ్లను చూస్తూ ఉండిపోయింది.