తొమ్మిదో గుంత

తెల్లవారితే గోల్ఫ్ క్లబ్బుకు యాభయ్యో వార్షికోత్సవం. అతిథులకు పంచడానికి క్లబ్బు చరిత్ర అచ్చు వేయించారు. "ఒకప్పుడు ఇది ఉత్త బంజరు" అన్నది అందులో మొదటి వాక్యం.

"బంజరేంటి సార్. ఇక్కడ ఇళ్లుండేవట. ఖాళీ చెయ్యనివాళ్ల ఇళ్ల మీదే మట్టి పోసి ఈ దిబ్బలు లేపారని మా మామ చెప్పేవాడు," అన్నాడు గడ్డి చూసే పనివాడు.

"మీ మామ చెప్పాడని పుస్తకం మళ్లీ అచ్చెయ్యాలా? పోయి గుంత మార్చు," అన్నాడు మేనేజరు.

రోజూ చీకటి ఉండగానే బంతి పడే గుంత చోటు మార్చడం అతని పని. ఒకేచోట ఉంటే ఆటగాళ్ల తొక్కిడికి చుట్టూ గడ్డి చచ్చిపోతుంది. కొత్తచోట గొట్టంలాంటి కత్తి దించి మట్టిముద్ద పైకి లాగుతాడు. దానితో పాత గుంత పూడుస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇదే.

ఇవాళ తొమ్మిదో దిబ్బ మీద లాగిన ముద్ద అడుగున మసి ఉంది. వంటింటి కప్పుకు పట్టే జిడ్డు మసి. వెచ్చగా చేతికంటింది.

మోకాళ్ల మీద కూర్చుని గుంతలో చెయ్యి పెట్టాడు. జానెడు లోతులో ఉండాల్సిన అడుగు తగల్లేదు. మోచెయ్యి దాకా దిగింది. వేళ్లకు గాలి తగిలింది. కింద ఎక్కడో గిన్నెలో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్న చప్పుడు.

ఎవరో గిన్నె పక్కకు జరిపారు. తర్వాత అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఇన్నేళ్లుగా మా కప్పుకు చిల్లులు పెడుతోంది నువ్వేనా," అంది కిందనుంచి ఒక ఆడగొంతు, మెల్లగా. ఆపైన ఆ గొంతే పక్కకు తిరిగి ఇంకెవరితోనో అన్నట్టు వినిపించింది.

"ఏవండీ, లేవండి. ఇవాళ దొరికాడు."