సెకార్ వంటగదికి కొత్త దీపం

ఇత్తడి దీపం గొలుసును రెండు చేతులు ఒకేసారి పట్టుకున్నాయి.

ఒకటి వినార్నిది. రెండోది తెల్లజుట్టు ముడేసుకున్న పెద్దావిడది.

"నేను ముందు చూశాను" అంది వినార్ని.

"నేను మెట్లెక్కుతూనే చూశానమ్మా" అని నవ్విందావిడ.

కొట్టులో అమ్మాయి బిక్కమొహం వేసింది. "పాతకాలం మోస్తరుది ఇదొక్కటే మిగిలిందక్కా. మళ్లీ సరుకు రావాలంటే నెల పడుతుంది."

"ఆ నల్లది తీసుకోండి పెద్దమ్మా, బాగుంది" అంది వినార్ని.

"నల్లదా! దాని కింద పెడితే కూర కూడా మొహం ముడుచుకుంటుంది. అయినా నాకు కాదులే. ఒక అమ్మాయికి ఇద్దామని."

"ఇవ్వడానికైతే ఏదైనా ఒకటే. నా సంగతి వేరు!"

వినార్ని దాచుకున్నదంతా ఆ కొట్టులోనే బయటపడింది.

"మా ఆయన మొదటి భార్య సెకార్ పోయింది. వంటగది మొత్తం మార్పించి, మధ్యలో గట్టు కట్టించాం. అయినా చుట్టాలంతా 'సెకార్ వంటగది' అనే అంటారు. ఇవాళ సాయంత్రం సెకార్ తల్లి సోలో ఊరి నుంచి వస్తోంది. మా పెళ్లికి కూడా రాని మనిషి! ఆవిడ వచ్చేసరికి ఆ గట్టు మీద ఈ దీపం వెలగాలి. అది నా వంటగది అని ఆవిడకి తెలియాలి."

"ఆవిడంటే అంత భయమా?"

"కాదా మరి! ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైనా, మా అమ్మాయి ఇలా చేసేది కాదంటుందేమో."

పెద్దావిడ మెల్లగా గొలుసు వదిలింది.

"తీసుకోమ్మా."

మా జావాలో పెద్దవాళ్లు ఇలా అంటే రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడిగితే పుచ్చుకోవాలి. పసిపిల్లలకైనా తెలిసిన మర్యాద అది. వినార్ని మొదటి మాటకే దీపం చంకన పెట్టుకుంది.

"మరీ ఎత్తున కట్టొద్దు. తరిగేటప్పుడు వెలుగు నీ చేతుల మీద పడాలి" అంది ఆవిడ వెనక నుంచి.

"మాకు తెలుసులెండి!"

ఇంటికి రాగానే భర్త గాలిహ్ దీపాన్ని చూసి, "నువ్వే కొనేశావా!" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నాడు.

సాయంత్రానికి దీపం గట్టు మీద వేలాడింది. పనసకాయ కూర మీద బంగారు రంగు వెలుగు పడింది. వంటగది ఎంతో అందంగా ఉంది. వినార్నికి మాత్రం మనసు మనసులో లేదు.

"ఒక పెద్దావిడ చేతిలోంచి లాక్కొచ్చానండీ. మొదటి మాటకే! తలచుకుంటే సిగ్గేస్తోంది. రేపు కొట్టుకెళ్లి ఆవిడెవరో కనుక్కుంటాను. క్షమించమని అడుగుతాను."

తలుపు చప్పుడైంది. గాలిహ్ వెళ్లి తీశాడు.

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న తెల్లజుట్టు ముడి మనిషి లోపలి వెలుగు చూసి, "నువ్వు ఫోన్లో చెప్పిన దీపం కోసమే వెళ్లాను అల్లుడూ, కానీ నా కొత్త కూతురు నాకు ఇచ్చే అవకాశమే ఇవ్వలేదు" అంటూ వినార్ని కోసం చేతులు చాచింది.