కలుపుకున్నారు

తల్లి ఇచ్చిన ఫిర్యాదు మీద స్కూలుకి విచారణకొచ్చిన విద్యాధికారి కూర్చున్న గది బయట బెంచీ మీద తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. తోటిపిల్లలు కత్తెర పెట్టి పాడుచేసిన కూతురి జుట్టు సవరిస్తూ, "భయపడకుండా అన్నీ చెప్పెయ్," అంది తల్లి.

"వద్దులేమ్మా. ఇప్పుడు నన్ను వాళ్ళలో కలుపుకున్నారు."

"బుద్ధొచ్చిందా వాళ్ళకి?"

"ఎక్కడ? నత్తిపిల్ల ఒకతి కొత్తగా చేరిందిగా, అందరం దాని మీద పడ్డాం. నిన్న దాన్ని బాత్రూంలో పెట్టి గడియేసింది నేనే." కూతురు ఎన్నాళ్ళకో నవ్వింది. "ఏడుపు కూడా నత్తిగానే ఏడ్చిందమ్మా."

తల్లి చెయ్యి ఆ జుట్టులోనే ఆగిపోయింది.

ఇంతలో అధికారి తలుపు తీశాడు. "పిల్లల గొడవ సర్దుకుందని హెడ్మాస్టరుగారు అంటున్నారు. నిజమేనా అమ్మా? అయితే ఫిర్యాదు మూసేస్తాం."

తల్లి కూతురి ముఖంలోకి చూసింది. ఆ నవ్వు మళ్ళీ పోతే తట్టుకోలేననిపించింది.

"సర్దుకుందండీ," అంది. "మా పిల్లకిప్పుడు ఏ బాధా లేదు."