మిద్దె మీద గడ్డపార

తిమ్మయ్య ఇంట్లో దూలం మీంచి చచ్చిన ఎలుక ఒకటి రాలింది.

అతని భార్య రామలక్ష్మమ్మ దాన్ని చీపురుతో వాకిట్లోకి ఊడ్చేసి, మళ్ళీ రొట్టెలు తట్టుకుంటూ కూర్చుంది. ఆలూరు చుట్టుపక్కల ప్లేగు తిరుగుతున్న ఏడాది అది.

దారిన పోతున్న పరాయి మనిషి ఎలుకను చూసి ఆగాడు. భుజాన గడ్డపార.

"అమ్మా, ఈ ఇల్లు ఇడిసిపెట్టండి. చేన్లో గుడిసె ఏసుకోండి."

"జొన్నలూ గొడ్లూ ఈడ పెట్టుకొని యాడికి పోవల్లప్పా?" నవ్విందామె.

అతను మిద్దె ఎక్కి కప్పులోకి గడ్డపార దించాడు.

తిమ్మయ్య చేని నుంచి వచ్చేసరికి నట్టింట్లో కప్పు మీది చవుడు మన్ను కుప్పపడి ఉంది. పైన చాపంత ఆకాశం కనిపిస్తోంది.

"ఎవడ్రా నువ్వు? దిగు."

"లేవి అంటారు సామీ. కప్పు లేకుంటే మీరు ఈడ పండుకోలేరు. బతుకుతారు."

"మా తాత కట్టిన మిద్దెరా ఇది. నాశనం చేస్తాండావే. నాశనమంటే ఏందో తెలుసునా నీకు?"

ఆ మాట మనవాళ్ళ నోట్లో ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. పాలు విరిగినా నాశనమే, మేక చేలో పడినా నాశనమే.

లేవి గడ్డపార ఆపాడు.

"తెలుసు సామీ."

తిమ్మయ్య విసిరిన రాయి అతని కణతకు తగిలింది. గడ్డపార అక్కడే వదిలి, నెత్తురు తుడుచుకుంటూ దిగిపోయాడు. ఒక్కరూ మంచినీళ్ళియ్యలేదు.

పొద్దు గూకకముందే తిమ్మయ్య కట్టెలు పరిచి, చవుడు పోసి ఆ కంత పూడ్చేశాడు.

ఎనిమిదో రోజు ఒక్కగానొక్క కొడుకు పోయాడు. తొమ్మిదో రోజు రామలక్ష్మమ్మ.

శవాల దగ్గరికి ఊళ్ళో ఎవరూ రాలేదు. చర్చి ప్రచారకుడు శాంతయ్య ఒక్కడే వచ్చి చెయ్యేశాడు.

ఆనాటి నుంచి పట్టపగలే తిమ్మయ్యకు మిద్దె మీద గడ్డపార చప్పుడు వినిపించేది. ఎక్కి చూస్తే ఎవరూ ఉండరు. గడ్డపార పడేసిన చోటే ఉంటుంది.

"నీకు ఇనపడ్తాండాదా శాంతయ్యా?"

"లేదు సామీ."

"ఆయప్ప యాడుండాడో చెప్పు. పోయి కాళ్ళు పట్టుకుంటా."

"మర్నాడే పోయినాడు సామీ, ఆ దెబ్బకే. నేనే మన్నేసినా."

తిమ్మయ్య కుప్పకూలాడు.

"ఆయప్పకు మేమేమైతామని ఇంత పాటు పడినాడు?"

శాంతయ్య అతన్ని లేపి కూర్చోబెట్టాడు.

"పోయేముందు చెప్పినాడు సామీ. వాళ్ళూరు కోసిగిలో ప్లేగొచ్చి సర్కారోళ్ళు కప్పు తీసేదానికొస్తే, నా ఇల్లు నాశనం చేస్తారా అని ఇదే గడ్డపార ఎత్తి తరిమినాడంట. పెండ్లామూ నలుగురు బిడ్డలూ ఆ కప్పు కిందనే పోయినారంట."