ఆకు గుర్తుపట్టింది

పొన్నూరు చుట్టుపక్కల తమలపాకు తోటలన్నీ తెగులును తట్టుకునేలా ల్యాబ్‌లో తయారుచేసిన కొత్త తీగలకు మారిపోయాయి. బ్యాక్టీరియా ప్రోటీన్ లోపలికి చేరితే చాలు, ఆ ఆకు కణాలు దాన్ని గుర్తుపడతాయి. తెగులు పాకకుండా తమంతట తామే చచ్చిపోతాయి. అక్కడ నల్లమచ్చ పడుతుంది.

ఆ వారం కూలికొచ్చిన స్రవంతి కోసిన ఆకులకు ఆమె గోరు తగిలిన చోటల్లా మచ్చలే. సబ్బుతో ఎంత రుద్దుకున్నా పడ్డాయి. తొడుగులు వేసుకుంటే లేతాకులు చిరిగాయి.

"ఇంట్లో ఎవరికన్నా పుండుందా అమ్మా? పుండులో పెరిగే బ్యాక్టీరియాను కూడా ఈ ఆకు పట్టేస్తది" అని అడిగాడు తోట యజమాని చందు.

ఆమె భర్త మహేష్‌కు షుగర్. మడమ మీది పుండు మానక మంచం పట్టాడు. రోజూ కడిగి కట్టు కట్టేది ఆమే.

"అది తగ్గిందాకా రామాకమ్మా. తోటంతా మాడిపోద్ది" అన్నాడు చందు.

ఇంటికొచ్చి పని మానేస్తానంది స్రవంతి. మహేష్ ఒప్పుకోలేదు.

"మానేసి ఏం తింటాం? నువ్వు నా కాలు ముట్టుకోమాక. నేనే కట్టుకుంటా" అని దూది లాక్కున్నాడు.

మడమ అతనికి సరిగా అందలేదు. ఆయాసపడుతూ వంగి, పుండు సగం బయటే ఉండగా గుడ్డ చుట్టి ముడేశాడు.

"చూడు, ఎంత బాగా కట్టానో!"

"బాగుంది" అంది స్రవంతి. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని గడప దగ్గరే నిలబడిపోయింది.