దొడ్డి ముందు గొంగడి

కుక్కర్ కూత పెట్టగానే పులి మంచం కిందికి దూరింది.

పులి అంటే జములమ్మ పెంచుకుంటున్న కుక్క. రోడ్డు పక్కన దొరికితే తెచ్చుకుంది. పేరు మాత్రం ఘనంగానే పెట్టింది, ధైర్యం పెట్టడమే ఆమె చేతిలో లేకపోయింది.

ట్రాక్టర్ వచ్చినా దానికి వణుకే. ఎవరైనా తల గోక్కోవడానికి చెయ్యెత్తినా వణుకే.

"దీన్ని నమ్ముకొని ఇరవై రెండు మేకలను దొడ్ల కట్టేసుకున్నం," అన్నాడు ఆమె భర్త మద్దిలేటి. "పక్కూర్ల మొన్ననే దొంగలు పడ్డరు. కుక్కకు మందు కలిపిన ముద్ద ఏసి మేకలన్నీ ఆటోల ఏసుకపోయిండ్రు. వచ్చే అంగడి నాడు దీన్ని ఏడన్న ఇడిసిపెట్టి మంచి కుక్కను తెస్త."

"ఒక్క నెల ఆగు," అని జములమ్మ బతిమాలింది.

గేటు దగ్గర ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. కాలువ పనికి వచ్చిన కూలీ. నీళ్లడిగి, చెంబు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"నెల చాలమ్మా," అన్నాడు. "నేను జూస్త."

మర్నాటి నుంచి కూలీలు బువ్వ తినే వేళకు వచ్చేవాడు. భుజం మీది గొర్రెబొచ్చు గొంగడి తీసి దొడ్డి ముందు పరిచేవాడు. పులికి వీపు చూపించి గొంగడి పక్కనే కూర్చునేవాడు. పిలిచేవాడు కాదు, తిరిగి చూసేవాడు కాదు.

"గిదేం నేర్పుడు తాతా?" జములమ్మ నవ్వింది.

"భయపడ్డదాని దిక్కు జూస్తే ఇంకింత భయపడ్తది బిడ్డా."

ఐదో రోజు పులి వచ్చి గొంగడి అంచు వాసన చూసింది. ఎనిమిదో రోజు దాని మీద పడుకుంది. ఆ తర్వాత ఆయన దూరంగా నిలబడి పళ్లెం మోగించేవాడు. రోజుకో అడుగు దగ్గరికి వచ్చేవాడు. పులి చెవులు నిక్కబొడిచేది గానీ గొంగడి దిగేది కాదు.

"కూసో", "ఆగు" అనే మాటలు మాత్రం జములమ్మ చేతే చెప్పించేవాడు.

"నా మాట ఇంటే ఏం ఫాయిద? నీ మాట ఇనాల."

ఇరవయ్యో రోజు కుక్కర్ కూసింది. పులి కదలలేదు. జములమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దొంగలొచ్చినప్పుడు జూద్దాం తియ్," అన్నాడు మద్దిలేటి.

"ఇంకొక్కటి నేర్పాల. అదే ఆఖరిది," అన్నాడు ముసలాయన.

వారం తర్వాత మద్దిలేటి పత్తి చేను నుంచి పెందలాడే ఇంటికొచ్చాడు. జములమ్మ నీళ్లకు పోయింది. దొడ్డి ముందు ముసలాయన పులి మూతి దగ్గర మాంసం ముక్క పెడుతున్నాడు. అది మూతి చాస్తే గుప్పిట మూస్తున్నాడు. మళ్లీ పెడుతున్నాడు.

మద్దిలేటికి ఒళ్లు మండిపోయింది.

"అనుకుంటనే ఉన్న! కుక్కను మచ్చిక జేసుకొని మేకలు కొట్టుకపోదామనా? దొంగ ముసలోడా!"

"జర ఇను నాయినా..."

"ఇంకోసారి గీడ కనబడ్డవంటే కాళ్లిరగ్గొడ్త!"

దొంగ అన్న మాటకు ముసలాయన ముఖం నల్లబడింది. ముక్కను కింద పెట్టి, గొంగడి తీసుకోకుండానే వెళ్లిపోయాడు. పులి ఆ ముక్కను ముట్టలేదు. భయానికి తినడం లేదనుకుని మద్దిలేటే దాన్ని గోడవతల పారేశాడు.

ఆ సాయంత్రం జములమ్మ గొంగడి దులిపి మళ్లీ దొడ్డి ముందే పరిచింది. పడుకోబోతూ మొగుడితో అంది.

"ఇన్ని దినాలు వచ్చిండు. పేరన్న అడగకపోతిమి."

"దొంగలకు పేర్లతోని ఏం పని?" అన్నాడతను.

పది రోజులకు మల్దకల్ తిమ్మప్ప జాతర వచ్చింది. ఊరంతా కదిలింది. వీళ్లిద్దరూ పొద్దున్నే వెళ్లి మూడింటికల్లా తిరిగొచ్చారు.

గేటు తాళం పగిలి ఉంది.

మద్దిలేటి గుండెలు బాదుకుంటూ లోపలికి ఉరికాడు. మేకలు దొడ్లోనే ఉన్నాయి. ఇరవై రెండూ ఉన్నాయి.

దొడ్డి తలుపు ముందు, గొంగడి మీద, పులి నిలబడి ఉంది. మొరిగి మొరిగి దాని గొంతు పోయింది. ముందర నాలుగు మాంసం ముద్దలు పడి ఉన్నాయి. ఒకదాన్ని పొడిచిన కాకి అక్కడే చచ్చి పడి ఉంది.

పక్క చేను వెంకటమ్మ రొప్పుతూ వచ్చింది.

"ఇద్దరయ్యా! ఆటోల వచ్చిన్రు. ముద్దలేసిన్రు, తినకపాయె. దగ్గరికొస్తే మీదికి ఉరికింది. నేను మొత్తుకుంట వచ్చేసరికి పారిపోయిన్రు."

పులి చొంగ కారుస్తూ జములమ్మ మాట కోసం చూస్తోంది.

మద్దిలేటికి ఆ మూసిన గుప్పిట గుర్తొచ్చింది. ఆయన వచ్చింది తినిపించడానికి కాదు, తినకుండా ఉండటం నేర్పడానికి. తన నోటిని తానే కొట్టుకోవాలనిపించింది.

జాతరలో తనకోసం కొనుక్కున్న కొత్త దుప్పటి చంకన పెట్టుకుని, బండి తీసి కాలువ పని దగ్గరికి పోయాడు. అక్కడ యేసుబాబు అనే కూలీ ఇసుక జల్లిస్తున్నాడు. మా కుక్కకు నేర్పిన ముసలాయన ఏడని అడిగాడు మద్దిలేటి.

"సాయన్న తాతనా? నువ్వు తిట్టిన మర్నాడే ఇంకో మేస్త్రీ గుంపుతోని పుణె దిక్కు పోయిండు. ఏడున్నడో తెల్వదు. ఫోన్ గూడ లేదాయె. గీ చలికి గొంగడి లేకుంటనే పోయిండు."

సాయన్న. పేరు ఇప్పుడు తెలిసింది మద్దిలేటికి.

"ఆయన్ని దొంగ అంటి," అన్నాడు. "కాళ్లు మొక్కుదామని వచ్చిన. గంత మంచిగ నేర్పుడు ఆయనకెట్ల వచ్చె?"

యేసుబాబు జల్లెడ కింద పెట్టాడు.

"కోడేరు దిక్కు గొర్లకాపరన్నా ఆయన. నాలుగేండ్ల కింద దొంగలేసిన ముద్ద ఆయన కుక్క తిన్నది, ఒక్క పూటల నూట పది గొర్లూ పోయినయ్."